పిల్లల ఇన్‌స్టాగ్రామ్ చూడాలా వద్దా? తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులు చెప్పండి

కొర్లగుంట అమ్మ:
మా పాపకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. రాత్రి పదకొండు దాటినా దుప్పటి కింద ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. నేను గదిలోకి పోతే ఫోన్ బోర్లా పెట్టేస్తుంది. ఎవరితో అని అడిగితే "ఫ్రెండ్సే అమ్మా" అంటుంది. తనకు తెలియకుండా ఏదో యాప్ వేసి మెసేజులన్నీ చూద్దామని మా ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అలాగని నిద్రా పట్టడం లేదు. ఫోన్ తీసేసుకుందామంటే హోంవర్కు క్లాసు వాట్సాప్ గ్రూపులో వస్తోంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

పలమనేరు పాడి రైతు:
ఆ హోంవర్కు సంగతి ఎవరైనా తేల్చండి ముందు. మా ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్ ఫోన్. నాలుగు లెక్కల కోసం సాయంత్రం అది మా వాడి చేతికి పోతుంది, మళ్లీ నాకు వచ్చేసరికి తొమ్మిదవుతుంది. డైరీలో రాసిస్తే సరిపోదా అని మీటింగులో రెండుసార్లు అడిగాను. తలూపారు, అంతే.

మొబైల్ షాపు అన్న, తిరుపతి:
పదిహేనేళ్లుగా ఇదే నా పని అక్కా. ప్లే స్టోర్‌లో దొరకని ఫైలు ఒకటుంది. పాప ఫోన్ అరగంట నా చేతికిస్తే చాలు. ఐకాన్ కూడా కనపడదు. చాట్లు, కాల్స్, గ్యాలరీ అన్నీ మీ ఫోన్‌లో చూసుకోవచ్చు. మీ ఆయన చెప్పిందే సరైన దారి.

బెంగళూరులో చిత్తూరోడు:
అక్కా, దయచేసి ఆ పని చేయొద్దు. నేను యాప్ సెక్యూరిటీలోనే పని చేస్తున్నాను. అలాంటి ఫైలు ఎక్కించాలంటే హాని చేసే యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆపేయాలి, యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వాలి. ఆ పర్మిషన్ ఉన్న యాప్ తెర మీద కనిపించేదంతా చదవగలదు, ఓటీపీతో సహా. మీ పాప ఫోటోలు ఎవడి సర్వర్‌లో పడతాయో ఆ అన్నకూ తెలియదు. తల్లిదండ్రుల కోసం గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్ ఉంది, ఉచితం. ఏ యాప్ ఎంతసేపు వాడారో చూపిస్తుంది, రాత్రి ఫోన్ లాక్ చేస్తుంది. చాట్లు మాత్రం చూపించదు. చూపించకపోవడమే మంచిది.

మొబైల్ షాపు అన్న, తిరుపతి:
బెంగళూరులో కూర్చుని చెప్పడం సులువు తమ్ముడూ. నా కౌంటర్ ముందు ఏడ్చిన తల్లులను నువ్వు చూశావా? చాట్లు చూపించని యాప్ ఎవరికి కావాలి?

రేణిగుంట నాన్న:
మీరిద్దరూ ఆగండి. అక్కా, ఒక్క మాట చెప్పండి. పాప అకౌంట్ తెరిచినప్పుడు పుట్టిన సంవత్సరం ఏం పెట్టారు?

కొర్లగుంట అమ్మ:
2020లో, ఆన్‌లైన్ క్లాసులప్పుడు మా ఆయనే తెరిచిచ్చారు. పదమూడు నిండలేదంటే ఒప్పుకోదని ఆయన పుట్టిన సంవత్సరమే వేశారనుకుంటా.

రేణిగుంట నాన్న:
అక్కడే ఉంది చిక్కంతా. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. 18 లోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్ అని వేరుగా ఉంటుంది. మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి మొదలైంది. అకౌంట్ దానంతటదే ప్రైవేటు అయిపోతుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. గంట దాటితే చాలించమని గుర్తు చేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 లోపు వాళ్లు వీటిని సడలించాలంటే అమ్మానాన్నలు ఒప్పుకోవాలి. గడిచిన ఏడు రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ పెట్టారో మనం చూడొచ్చు, ఏం రాశారో చూడలేం. ఇవన్నీ ఉన్నాయి గానీ, మీ పాపను అది నలభై దాటిన మనిషి అనుకుంటోంది. ఇంక ఇవి ఆమెకెందుకు వస్తాయి?

లెక్కల టీచర్, గ్రీమ్స్‌పేట:
అంటే తొమ్మిదేళ్ల పిల్లకు మొదటి అబద్ధం నేర్పింది తండ్రే. ఇప్పుడు పాప దాచిపెడుతోందని బాధపడితే ఎలా?

కొర్లగుంట అమ్మ:
మేడమ్, ఆ రోజుల్లో మా ఇంట్లో ఇద్దరికి కోవిడ్. పాప ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటే ఫ్రెండ్స్‌ను చూసుకుంటుందని తెరిచారు. మీరు అంత మాట అనాల్సిన పని లేదు.

పలమనేరు పాడి రైతు:
టీచరమ్మా, హోంవర్కు ఫోన్లో పెట్టేది మీరే, మళ్లీ మమ్మల్ని తప్పుపట్టేదీ మీరేనా?

లెక్కల టీచర్, గ్రీమ్స్‌పేట:
నేను బోర్డు మీదే రాసిస్తాను. నా క్లాసుకు గ్రూపే లేదు. అందరినీ ఒకే గాట కట్టకండి. అక్క మనసు నొప్పించి ఉంటే మాత్రం క్షమించాలి. నా క్లాసులో ముప్పై మందికి పైగా తప్పుడు వయసుతోనే ఉన్నారు, ఆ కడుపుమంట అక్క మీద చూపించాను.

మొబైల్ షాపు అన్న, తిరుపతి:
పదమూడు లోపు పిల్లలకు అకౌంటే ఇవ్వరు కదా. వేరే ఏం చేస్తారు మరి?

లెక్కల టీచర్, గ్రీమ్స్‌పేట:
తెరవకుండా ఉంటారు.

యూనివర్సిటీ పాప, తిరుపతి:
నేను చెప్పేది కొంచెం వినండి. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు మా అమ్మ నా ఫోన్ తీసి చాట్లన్నీ చదివింది. అందులో తప్పేమీ లేదు, నా ఫ్రెండ్ వాళ్ల ఇంట్లో గొడవల గురించి మాట్లాడుకున్నాం. అమ్మ ఆ విషయం వాళ్ల అమ్మకే చెప్పింది. ఆ పిల్ల నాతో మళ్లీ మాట్లాడలేదు. నేను ఆ రోజే రెండో అకౌంట్ తెరిచాను, అది మా అమ్మకు ఇప్పటికీ తెలియదు. యాప్ తీసేస్తే క్రోమ్‌లో తెరుస్తారు, ఫోన్ తీసుకుంటే ఫ్రెండ్ ఫోన్‌లో లాగిన్ అవుతారు.

గంగమ్మ గుడి వీధి:
మా సమస్య వేరు. మొన్న గంగమ్మ జాతరలో మా అబ్బాయి మొక్కు తీర్చడానికి ఆడవేషం కట్టాడు. మా నాన్న కట్టాడు, నేనూ కట్టాను, తిరుపతిలో పుట్టినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఎవరో ఫోటో తీసి పెట్టారు. ఊరు పేరు తెలియని వాళ్లంతా కింద బూతులు రాశారు. వాడు మూడు రోజులు బడికి పోలేదు. అమ్మవారి మొక్కును అలా అంటుంటే నా కడుపు రగిలిపోయింది. వాడు ఏం చూస్తున్నాడో నేను కాపలా కాస్తాను సరే, వాడిని ఎవరు ఏమంటున్నారో ఎలా కాయాలి?

బెంగళూరులో చిత్తూరోడు:
అన్నా, ఆ పోస్టునూ, ఒక్కొక్క కామెంటునూ రిపోర్టు కొట్టండి. స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి. ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబర్ 10 నుంచి 16 లోపు పిల్లలకు ఈ అకౌంట్లే లేవు.

పేరు చెప్పలేను, చంద్రగిరి:
ఇన్ని రోజులు చదువుతూ గమ్మున ఉన్నాను. మా అక్క కొడుక్కు పదహారు. అమ్మాయి పేరుతో ఎవడో పరిచయమై వీడియో కాల్ చేసి రికార్డు చేశాడు. డబ్బు పంపకపోతే ఫ్రెండ్స్ అందరికీ పంపిస్తానన్నాడు. బిడ్డ పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తినలేదు. ఎందుకు చెప్పలేదురా అని అడిగితే "చెబితే ఫోన్ తీసేసుకుంటారు కదా" అన్నాడు. ఆ మాట విని మా బావ కూలబడిపోయాడు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాశాం. ఇంకో రూపాయి పంపలేదు, చాట్ చెరపలేదు, వాడిని బ్లాక్ చేశాం. 18 లోపు పిల్లల అలాంటి బొమ్మలు బయటికి పోకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఉచిత సేవ ఉంది, అసలు బొమ్మను ఎవరికీ పంపక్కర్లేదు. మొబైల్ షాపు అన్నా, నీ ఫైలు వేసి ఉంటే మాకు ముందే తెలిసేదేమో, కాదనను. కానీ అదే తెరిచి మేమే తిట్టి ఉంటే వాడు ఏం చేసుకునేవాడో తలుచుకుంటే నాకు చేతులు వణుకుతాయి.

మొబైల్ షాపు అన్న, తిరుపతి:
బాబు ఇప్పుడెలా ఉన్నాడు అన్నా?

పేరు చెప్పలేను, చంద్రగిరి:
తింటున్నాడు. క్రికెట్‌కు పోతున్నాడు.

కొర్లగుంట అమ్మ:
నిన్న రాత్రి పాప పక్కన కూర్చుని అకౌంట్ తెరిపించాను. 1979 అని ఉంది, మా ఆయన సంవత్సరమే. తండ్రే పాపతో "ఇది నేను చేసిన తప్పు తల్లీ" అన్నారు. ఇద్దరూ కలిసి మార్చారు. మెసేజులు చదవనని మాటిచ్చాను, ఫోన్ మాత్రం పదికి హాల్లో చార్జింగుకు పెట్టాలన్నాను. అరగంట అలిగింది. తర్వాత తనే వచ్చి, ఒకడు రోజూ ఫోటో పంపమని అడుగుతున్నాడని చూపించింది.

పలమనేరు పాడి రైతు:
ఆ సంవత్సరం మార్చేది ఎక్కడుంది అక్కా? మా వాడిది కూడా నేనే పెట్టాను.

కొర్లగుంట అమ్మ:
సెట్టింగుల్లో అకౌంట్స్ సెంటర్‌లోకి పోండి అన్నా. అందులో వ్యక్తిగత వివరాల కింద పుట్టిన తేదీ ఉంటుంది. బాబును పక్కన కూర్చోబెట్టుకునే మార్చండి.