ఎయిర్ రైఫిల్ పెల్లెట్ తల సైజు కరెక్ట్‌గా కొలవాలంటే ఏ టూల్ కొనాలి?

అందరికీ నమస్తే, మాది వైజాగ్, గాజువాక సైడు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నా. దాంట్లో వేసే పెల్లెట్ (చిన్న సీసం గుండు) డబ్బాల మీద 4.49, 4.50, 4.51 మిమీ అని తల సైజు, అంటే ముందు భాగం వెడల్పు, వేస్తారు కదా, లోపల నిజంగా అన్నీ అదే సైజులో ఉన్నాయా లేదా అని ఒక్కోటీ కొలిచి, వేరు చేసి, టార్గెట్ మీద ఏవి దగ్గర దగ్గరగా పడుతున్నాయో చూద్దామని నా పిచ్చి. ఇంట్లో డిజిటల్ వెర్నియర్ ఉంది గానీ దాని ఎర్రరే 0.02 మిమీ, ఇక్కడ తేడానే 0.01, ఇంక దాంతో ఏం తేలుతుంది!

ఆటోనగర్‌లో లేత్ పని చేసే మా బావ మైక్రోమీటర్ ఇచ్చాడు, రాట్చెట్‌తో (ఎక్కువ నొక్కకుండా ఆపే పిడి) మెల్లగా తిప్పినా సరే సీసం మెత్తన కదా, నొక్కుకుపోతోంది, ఒకే పెల్లెట్‌కి మూడుసార్లు మూడు రీడింగులు. పెల్లెట్ వెనక గుల్లగా ఉండే అంచు, స్కర్ట్ అంటారు, అదైతే మరీ పల్చన, చెయ్యి గట్టిగా తగిలితే వంకరే.

ముట్టుకోకుండా కొలిచే ఆప్టికల్ కంపారేటర్ కొనే స్తోమత లేదు. సైజుల వారీగా బెజ్జాలున్న గేజ్ ప్లేటు చేయిస్తే పని జరుగుతుందా, మన ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా స్టెయిన్‌లెస్‌లో? లేకపోతే సైజు గొడవ వదిలేసి, మిల్లీగ్రాము దాకా చూపించే త్రాసు కొని బరువు ప్రకారం వేరు చేస్తే చాలా? వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.