ఇంత చిన్న దీవికి టూరిజం ప్లాన్ వెయ్యడానికి ఇన్నేళ్ళా?

లంక కుర్రోడు:
అందరికీ నమస్కారమండి, మాది రాజోలు పక్కన. మా బాబాయి గారబ్బాయి కరీబియన్ సముద్రంలో ఉన్న ఆంటిగ్వా దీవిలో మెడిసిన్ చదువుతున్నాడు, మొన్న సెలవులకి పక్కనున్న మాంట్‌సెరాట్ అనే దీవికెళ్ళి ఫొటోలు పెట్టాడు. పచ్చటి కొండలు, నీలం సముద్రం, మనిషన్నవాడు కనపడితే ఒట్టు. మొత్తం 102 చదరపు కిలోమీటర్లంట, జనం 5 వేలు కూడా లేరంట, పైగా బ్రిటన్ వాళ్ళ కింద ఉంది. కొత్త ఊరు కడతాం పోర్టు కడతాం అని ఏళ్ళ తరబడి చెప్తానే ఉన్నారంట, ఎప్పటికవుద్దని వీడు టాక్సీ ఆయన్ని అడిగితే ఆయన నవ్వేసి ఊరుకున్నాడంట. గవర్నమెంటు నిద్రపోతుందా, ఇంకేదన్నా ఉందా?

ఆంటిగ్వా రిటర్న్:
నిద్ర ఒక్కటే కాదు బ్రో. 1995 జులైలో అక్కడ సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం లేచింది, 1997లో 19 మంది పోయారు, రాజధాని ప్లిమత్ బూడిదలో కూరుకుపోయింది, ఎయిర్‌పోర్టూ పోయింది, జనంలో మూడింట రెండొంతులు దీవి వదిలేశారు. దక్షిణం వైపు ఇప్పటికీ ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు, మిగిలినోళ్ళంతా ఉత్తరాన సర్దుకున్నారు. 2005లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచారు గానీ రన్‌వే 600 మీటర్లు కూడా లేదు, బుల్లి విమానాలే దిగుతాయి. జనం రాకపోతే హోటల్ కట్టేవాడు రాడు, హోటల్ లేకపోతే విమానాలు పెరగవు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది. డబ్బు చూస్తే చాలావరకు లండన్ నుంచి రావాలి. తమాషా ఏంటంటే ఆ పాడుబడ్డ ప్లిమత్ జెట్టీ నుంచే ఇసుక పడవలకెక్కించి అమ్ముకుంటున్నారు, అక్కడా ఇసుకే 😄

గట్టుమీద మాస్టారు:
వాళ్ళకి అగ్నిపర్వతం అడ్డమొచ్చింది సరే, మనకేం అడ్డమొచ్చిందయ్యా? 1900లో కట్టిన మన రాజమండ్రి గోదావరి హేవలాక్ బ్రిడ్జి మీద రైళ్ళు ఆగింది కూడా ఆ 1997లోనే. దాన్ని టూరిస్టులకి తయారుచేస్తాం అని వినీవినీ నా జుట్టు తెల్లబడింది, శంకుస్థాపనకి 2025 రావాల్సొచ్చింది. కోటిపల్లి నరసాపురం రైలు సంగతి ఎత్తకండి, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన మన బాలయోగి గారి టైములో మొదలైన మాట అది.

కొబ్బరితోట:
మాస్టారు అన్నది నిజం ఆయ్. దిండి దగ్గర మా తోటలో రెండు గదులు వేసి హోంస్టేకి అప్లై చేశాను, ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతానే ఉంది, ఈలోపు మూడు కొబ్బరికాయ దింపులు అయిపోయినియ్. కానీ ఒక మాట, తొందరపడి గోదావరి గట్టంతా సిమెంటు చేసేసినా నాకిష్టం లేదు. ఆ దీవోళ్ళు కొంచెం నెమ్మదిగా ఉంటేనే ఆ ఫొటోలు అలా వచ్చాయేమో.

లంక కుర్రోడు:
అదేంటండి, ఇక్కడ ఉద్యోగాలు లేకే కదా మావోడు అంత దూరం పోయింది. సరే, సంక్రాంతికి వస్తున్నాడు, మీ గదులు ఖాళీ ఉన్నాయా? పర్మిషన్ వచ్చేలోపు చుట్టాల్లా దిగుతాం 🙏