పాత తేదీ హెల్పర్లను లోపల్లోపలే మార్చేద్దామా, కొత్త పేర్లతో రాద్దామా?

తిరుపతి_పీహెచ్‌పీ

మన ఊళ్లో లాడ్జి బుకింగులు, పాల కేంద్రాల లెక్కలు, హాస్టల్ ఫీజులు ఇంకా చాలా చోట్ల పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే పాత ఫ్రేమ్‌వర్క్ కోడ్‌ఇగ్నైటర్ 3 మీదే నడుస్తున్నాయి. అందులోని డేట్ హెల్పర్‌ను, అంటే తేదీల లెక్కలు చేసే రెడీమేడ్ ఫంక్షన్ల ఫైలును, అందరం వాడాం: నౌ, జీఎంటీ_టు_లోకల్, హ్యూమన్_టు_యూనిక్స్, టైమ్‌స్పాన్. అవన్నీ పీహెచ్‌పీలో సరైన తేదీ క్లాసులు లేని కాలపు ఆలోచనతో రాసినవి. పీహెచ్‌పీ 5.2లో డేట్‌టైమ్ క్లాస్, 5.5లో దాని మార్చలేని రూపం డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్ వచ్చాక కూడా మనం అంకెలకు సెకన్లు కలుపుకుంటూ కూర్చున్నాం.

మనం పంచుకునే హెల్పర్ ఫైల్లో ఫంక్షన్ల పేర్లు అలాగే ఉంచి, లోపలి కోడ్‌ను డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్‌తో తిరగరాద్దాం అంటాను. పిలిచే చోట ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు. ఏమంటారు?

చిత్తూరు_కోడర్

అన్నా, నడుస్తున్నదాన్ని కెలకొద్దు. ఇండియాకంతా ఒకటే టైమ్ జోన్, వేసవిలో గడియారం మార్చే గొడవ కూడా లేదు. యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయానికి అయిదున్నర గంటలు కలిపితే సరిపోతుంది కదా. కస్టమర్ దీనికి రూపాయి ఇవ్వడు. పైగా ఏదైనా చెడితే ఫోన్ నాకే వస్తుంది.

కపిలతీర్థం_బ్యాకెండ్

ముట్టుకోకుండా ఉండలేం తమ్ముడూ. కానీ పాత పేర్ల కిందే మార్చడం మాత్రం తప్పంటాను. కాస్త వివరంగా చెప్తాను.

ముందు "ఒకటే టైమ్ జోన్" సంగతి. పాల కేంద్రంలో పొద్దున పూట పాలు అయిదింటికే పోస్తారు. సర్వర్ యూటీసీలో ఉంటే అప్పటికి అక్కడ ముందురోజు రాత్రి 11:30. ఆ తేదీనే ఎంట్రీలో పడుతుంది. ఒకటో తారీకు పొద్దున పోసిన పాలు పోయిన నెల బిల్లులో చేరతాయి. మధ్యలో ధర మారితే రైతు నష్టపోతాడు, ఎందుకు తగ్గిందో కేంద్రం వాళ్లు కూడా చెప్పలేరు. లాడ్జిలోనూ అంతే. కొండకు వచ్చేవాళ్లు అర్ధరాత్రి రెండింటికి కూడా బస్సు దిగుతారు. పన్నెండు నుంచి పొద్దున అయిదున్నర దాకా జరిగిన ప్రతి చెక్-ఇన్ నిన్నటి తేదీతో పడే ప్రమాదం ఉంది.

ఇక యూటీసీ టైమును స్థానిక టైముగా మార్చే జీఎంటీ_టు_లోకల్. మన జోన్ కోడ్ యూపీ55 ఇస్తే అది 5.5ను 3600తో గుణించి టైమ్‌స్టాంపుకు 19,800 కలుపుతుంది, అంతే. టైమ్‌స్టాంపు అంటే 1970 జనవరి 1 యూటీసీ నుంచి గడిచిన సెకన్లు. 19,800 కలిపాక అది టైమ్‌స్టాంపు కానే కాదు. దాన్ని జీఎండేట్‌తో (జోన్ తేడా కలపకుండా చూపే ఫంక్షన్) చూపిస్తే టైము సరిగ్గా కనిపిస్తుంది. సర్వర్ ఏషియా/కోల్‌కతాలో, అంటే మన టైమ్ జోన్‌లో, ఉండగా సర్వర్ జోన్ తేడా కలిపి చూపే మామూలు డేట్‌తో చూపిస్తే ఇంకో అయిదున్నర గంటలు ముందుకు పోతుంది. అందుకే పాత ప్రాజెక్టుల్లో ఏదో ఒక వ్యూ (పేజీని చూపించే) ఫైల్లో 19800 తీసేసే లైను కనిపిస్తుంది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో కామెంట్ ఉండదు.

ఇప్పుడు పేరు మార్చకుండా ఆ ఫంక్షన్‌ను నిజమైన టైమ్‌స్టాంపు ఇచ్చేలా చేశామనుకోండి. ఆ తీసేసే లైను ఇంకా అక్కడే ఉంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు. చెక్-ఇన్ టైము అయిదున్నర గంటలు వెనక్కి పడుతుంది. ఇరవై నాలుగు గంటల లెక్కన గది ఇచ్చే చోట అది నేరుగా బిల్లు మీద పడుతుంది.

ఇంకో ఉదాహరణ. యుద్ధ కాలంలో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా, మన గడియారం ఒక గంట ముందుకు జరిగి ఉంది. అప్పుడు యూటీసీకీ మనకూ తేడా ఆరున్నర గంటలు. పీహెచ్‌పీ వాడే టైమ్ జోన్ డేటాబేస్‌లో ఇది ఉంది, మన యూపీ55కు తెలీదు. 1943లో పుట్టిన పెద్దాయన పుట్టినతేదీని కొత్త కోడ్ అర్ధరాత్రి టైమ్‌స్టాంపుగా దాచిపెట్టింది, పాత రిపోర్టు అయిదున్నర గంటలు కలిపి జీఎండేట్‌తో చూపించింది. ముందురోజు రాత్రి 11 గంటలు వస్తుంది. తేదీ ఆధార్‌తో కలవదు. సగం కొత్త, సగం పాత ఒకే పేరు కింద కలిసిపోతే జరిగేది ఇదే.

నేను చెప్పేది: కొత్త ఫంక్షన్‌కు కొత్త పేరు పెట్టండి, అది అంకె కాకుండా డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్ ఆబ్జెక్టే ఇవ్వాలి. దాని మీద ఎవరైనా పాత అలవాటుతో 19800 తీసేస్తే పీహెచ్‌పీ 8 అక్కడే టైప్‌ఎర్రర్ ఇస్తుంది. గట్టిగా అరిచి ఆగిపోయే తప్పు మేలు.

తిరుపతి_పీహెచ్‌పీ

రెండు పేర్లుంటే కొత్తగా చేరిన కుర్రాడు ఏది వాడాలో తెలీక పక్క ఫైల్లో ఉన్న పాతదే కాపీ కొడతాడు. ఏళ్ల తరబడి రెండూ మోస్తాం. అయినా ఫ్రేమ్‌వర్క్ వాళ్లే ఏం చేశారో చూడండి. కోడ్‌ఇగ్నైటర్ 4.3లో టైమ్ క్లాస్‌ను డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్ మీదకు మార్చారు, పేరు మాత్రం మార్చలేదు. పాత పద్ధతి కావాలన్నవాళ్లకు టైమ్‌లెగసీ అని వేరే క్లాస్ ఇచ్చారు. మంచి పేరు కొత్తదానికే దక్కింది.

రేణిగుంట_క్యూఏ

టెస్టింగ్ వైపు నుంచి రెండు మాటలు. మీరు టైమ్ జోన్ గురించే మాట్లాడుతున్నారు, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఫారంలో టైప్ చేసే తేదీ. రాసిన తేదీని టైమ్‌స్టాంపుగా మార్చే స్ట్ర్‌టోటైమ్‌కు 04/05/2026 ఇస్తే అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5 అనుకుంటుంది. 04-05-2026 ఇస్తే మే 4. మనవాళ్లు రెండూ రాస్తారు. తారీకు 12 దాటితే, ఉదాహరణకు 25/12/2026, ఫాల్స్ వస్తుంది కాబట్టి పట్టుబడుతుంది. 12 లోపు తేదీలే మౌనంగా తప్పుతాయి.

డేట్‌టైమ్‌కు మారినంత మాత్రాన అన్నీ బాగుపడవు. జనవరి 31కి ఒక నెల కలపమంటే, లీపు సంవత్సరం కాకపోతే, మార్చి 3 ఇస్తుంది. హాస్టల్ ఫీజు గడువు ఇలా లెక్కపెడితే ఫిబ్రవరి ఎగిరిపోతుంది. పేరేదైనా, ఇలాంటి కేసులకు టెస్టులు రాయకుండా మార్చొద్దు.

చిత్తూరు_కోడర్

పాల లెక్క విన్నాక ఒప్పుకుంటున్నా, ఊరికే వదిలేయలేం. మరి రెండు టైముల మధ్య తేడా చెప్పే టైమ్‌స్పాన్ సంగతి? అందులో టైమ్ జోన్ గొడవ లేదు కదా. దాన్నైనా వదిలేద్దాం.

కపిలతీర్థం_బ్యాకెండ్

నేనైతే ముందు మార్చేది దాన్నే. టైమ్‌స్పాన్ ఏడాదిని 3,15,57,600 సెకన్లుగా, అంటే 365.25 రోజులుగా లెక్కేస్తుంది. 65 నిండినవాళ్లకు రాయితీ ఇచ్చే లాడ్జి తీసుకోండి. 1960 మార్చి 1న పుట్టినవారికి 2025 మార్చి 1కి గడిచినవి 23,741 రోజులు. 65ను 365.25తో గుణిస్తే 23,741.25. అంటే పుట్టినరోజు పొద్దున ఆరింటి దాకా ఆ ఫంక్షన్ దృష్టిలో ఆమెకు 64 ఏళ్లే. తెల్లవారుజామున కౌంటర్ దగ్గర ఆధార్ కార్డు పట్టుకుని నిలబడ్డ ముసలావిడకు "సిస్టమ్ ఒప్పుకోవట్లేదమ్మా" అని చెప్పాల్సి వస్తుంది. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. డేట్‌టైమ్‌లోని డిఫ్ అయితే క్యాలెండర్ ప్రకారం లెక్కేసి సరిగ్గా 65 ఇస్తుంది.

అన్నా, టైమ్‌లెగసీ ఉదాహరణ బలమైనదే. కానీ కోడ్‌ఇగ్నైటర్ 4 కంపోజర్ అనే ప్యాకేజీ మేనేజర్ ద్వారా వస్తుంది, దానికి వెర్షన్ నంబర్, అప్‌గ్రేడ్ గైడ్ ఉంటాయి. మన హెల్పర్ ఫైలు కస్టమర్ సర్వర్లకు చేత్తో కాపీ అవుతుంది. ఎక్కడ ఏ కాపీ ఉందో చూసే దారి లేదు. వెర్షన్ లేని చోట పేరే వెర్షన్.

కుర్రాడు పాతది కాపీ కొడతాడన్నది మాత్రం నిజమైన భయం. పాత ఫంక్షన్లలో "ఇక ఇది వాడొద్దు" అని హెచ్చరించే యూజర్_డిప్రికేటెడ్ నోటీసు పెడదాం. కొత్త కమిట్‌లో, అంటే కొత్తగా చేర్చే కోడ్‌లో, ఆ పేర్లు కనిపిస్తే బిల్డ్ ఆపేద్దాం. ఉన్నవి ఉంటాయి, కొత్తవి చేరవు. పుట్టినతేదీకి టైమ్‌స్టాంపు అసలొద్దు, డేట్ కాలమ్ చాలు. ఫారం తేదీకి స్ట్ర్‌టోటైమ్ బదులు క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ వాడి, తారీకు-నెల-సంవత్సరం అని మనమే చెబుదాం.

తిరుపతి_పీహెచ్‌పీ

నేను ఇంకా ఒకే పేరు వైపే ఉన్నాను. కానీ చేత్తో కాపీ అయ్యే ఫైలు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ముందు దాన్ని కంపోజర్ ప్యాకేజీ చేద్దాం, అప్పుడు పేర్ల సంగతి మళ్లీ తేలుద్దాం. ఈలోగా వయసు లెక్క, పుట్టినతేదీ, ఈ రెండూ కొత్త పేర్లతో మొదలుపెట్టండి, నేను రివ్యూ చేస్తాను.

రేణిగుంట_క్యూఏ

వయసు లెక్కకు టెస్టులు నేను రాస్తున్నా: 1960 మార్చి 1, 1943లో ఒక తేదీ, ఇంకా ఫిబ్రవరి 29. లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లకు డిఫ్ మార్చి 1నే ఏడాది నిండిందంటుంది. కస్టమర్‌కు ఫిబ్రవరి 28 కావాలేమో. చిత్తూరు అన్నా, మీ లాడ్జి వాళ్లను అడిగి ఇక్కడ రాయండి, అప్పటిదాకా ఆ ఒక్క టెస్టు పక్కన పెడుతున్నా.