'బలపడింది'కి ఇంగ్లీషులో ఏ క్రియ రాయాలి? స్ట్రెంగ్తెన్, ఇంటెన్సిఫై మధ్య తేడా

గార రోడ్డు (శ్రీకాకుళం)

పోటీ పరీక్షలో అనువాదం ప్రశ్న కోసం తుపాను వార్తలు తీసుకుని సాధన చేస్తున్నాను. "వాయుగుండం బలపడి తుపానుగా మారింది" అన్నదానికి "ద డిప్రెషన్ వాజ్ స్ట్రెంగ్తెన్డ్ అండ్ బికేమ్ ఎ సైక్లోన్" అని రాస్తే, దిద్దినవారు 'వాజ్' కొట్టేసి పక్కన 'ఇంటెన్సిఫైడ్' అని రాశారు. "రూపాయి బలపడింది" దగ్గర మాత్రం స్ట్రెంగ్తెన్డ్ అలాగే ఉంచారు. "కరకట్ట పటిష్ఠం చేశారు" దగ్గర 'వాజ్' ఉన్నా తప్పు పెట్టలేదు. దీనికి పద్ధతి ఏదైనా ఉందా, లేక అలవాటు మీద పట్టుకోవాల్సిందేనా? ఇంకోటి: వైడ్‌కి వైడెన్, డీప్‌కి డీపెన్ ఉన్నప్పుడు స్ట్రాంగ్‌కి 'స్ట్రాంగెన్' ఎందుకు లేదండీ?

కోట జంక్షన్ (విజయనగరం)

పద్ధతి ఉంది, మన భాషలోనే ఉంది. తెలుగులో రెండు క్రియలు: బలపడు, బలపరచు. తనంతట తాను జరిగితే 'పడు', ఇంకొకరు చేస్తే 'పరచు'. ఇంగ్లీషులో ఈ రెండింటికీ స్ట్రెంగ్తెన్ ఒక్కటే. కాబట్టి అనువాదానికి ముందు తెలుగు వాక్యంలో ఏది ఉందో చూసుకోండి.

'బలపడింది' అని ఉంటే 'వాజ్' పెట్టకూడదు: ద విండ్ స్ట్రెంగ్తెన్డ్. 'బలపరిచారు, పటిష్ఠం చేశారు' అని ఉంటే చేసినవాడిని ముందు పెట్టండి: ద ఇంజనీర్స్ స్ట్రెంగ్తెన్డ్ ద బండ్. చేసినవాడు ఎవరో చెప్పనక్కర్లేకపోతే అప్పుడు 'వాజ్' వస్తుంది: ద బండ్ వాజ్ స్ట్రెంగ్తెన్డ్ విత్ శాండ్‌బ్యాగ్స్. వాయుగుండానికి ఎవరూ బస్తాలు వెయ్యలేదు కదా, అక్కడ 'వాజ్' ఎందుకు? ఇదే కారణానికి 'గాట్ స్ట్రెంగ్తెన్డ్' కూడా వద్దు. మనవాళ్లు ఎక్కువగా పడే గుంట అదే.

అలాగని 'బలపరచు' కనిపించిన ప్రతిచోటా స్ట్రెంగ్తెన్ రాసేయకండి. సభలో ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరుస్తారు, దానికి ఇంగ్లీషు మాట సెకండ్: "ఐ సెకండ్ ద మోషన్". పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గనక పేపర్లు "ఫలానా పార్టీ బలపరచిన అభ్యర్థి" అని రాస్తాయి. అక్కడ బ్యాక్డ్ లేదా సపోర్టెడ్ అనాలి. స్ట్రెంగ్తెన్డ్ క్యాండిడేట్ అంటే వ్యాయామం చేయించి కండలు పెంచినట్టు ఉంటుంది.

కళింగపట్నం గాలి

తుపాను సంగతి నేను చెప్తాను. వాతావరణ శాఖ బులెటిన్లలో మాటలు ఒక కొలత ప్రకారం నడుస్తాయి, ఇష్టం వచ్చినట్టు మార్చరు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వాయుగుండం, డిప్రెషన్. 50 నుంచి 61 తీవ్ర వాయుగుండం, డీప్ డిప్రెషన్. 62 నుంచి 88 తుపాను, సైక్లోనిక్ స్టార్మ్. 89 నుంచి 117 తీవ్ర తుపాను, సివియర్. 118 నుంచి 166 అతి తీవ్ర తుపాను, వెరీ సివియర్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు తిత్లీ తుపాను ఈ మెట్టు మీదే ఉంది. 167 నుంచి 221 ఎక్స్‌ట్రీమ్లీ సివియర్. 222, ఆపైన అయితే సూపర్ సైక్లోన్.

అల్పపీడనం వాయుగుండం అయితే బులెటిన్లో 'కాన్సన్‌ట్రేటెడ్ ఇంటూ ఎ డిప్రెషన్' అంటారు. అక్కడి నుంచి పై మెట్టు ఎక్కిన ప్రతిసారీ 'ఇంటెన్సిఫైడ్ ఇంటూ'. ఈ 'ఇంటూ' వదలకండి, తెలుగులో 'తుపానుగా' అన్న 'గా' అదే. మీరు రాసిన 'అండ్ బికేమ్' అంతా ఈ ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది. స్ట్రెంగ్తెన్డ్ ఇంటూ అని పేపర్లు రాస్తాయి, వ్యాకరణ దోషం కాదు. కానీ పరీక్షలో శాఖ వాడే మాటే క్షేమం. వేగం 24 గంటల్లో 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు, అంతకు మించి పెరిగితే దాన్ని 'రాపిడ్ ఇంటెన్సిఫికేషన్' అంటారు. 'రాపిడ్ స్ట్రెంగ్తెనింగ్' శాస్త్రం మాట కాదు.

ఇంకో జాగ్రత్త. 'పెను తుపాను' అని పేపర్లో కనబడగానే సూపర్ సైక్లోన్ అని రాసేయకండి. ఆ మాట పేపరుకొక రకంగా వాడతారు. వార్తలో గాలి వేగం ఉంటే చూసి మెట్టు తేల్చుకోండి.

పాత డిక్షనరీ

'స్ట్రాంగెన్' లేకపోవడానికి కారణం ధ్వని. '-ఎన్' ప్రత్యయం క, ట, డ, ప, ఫ, స లాంటి ధ్వనులతో ముగిసే చిన్న విశేషణాలకే అతుకుతుంది: థికెన్, షార్టెన్, వైడెన్, డీపెన్, స్టిఫెన్, లూసెన్. మ, న, ఙ లాంటి అనునాసికం చివర ఉన్నా, అచ్చు ఉన్నా అతకదు. అందుకే థిన్, కామ్, డ్రై, స్లో ఏమీ తగిలించుకోకుండానే క్రియలైపోయాయి. స్ట్రాంగ్, లాంగ్, హై మాత్రం దొడ్డిదారిన వచ్చాయి: ముందు నామవాచకం (స్ట్రెంగ్త్, లెంగ్త్, హైట్), దానికి ఎన్ కలిపి స్ట్రెంగ్తెన్, లెంగ్తెన్, హైటెన్. స్ట్రెంగ్త్ ఒక్కటే క్రియ కాదు. "ఐ వాంట్ టు స్ట్రెంగ్త్ మై ఇంగ్లీష్" అన్నది అందుకే తప్పు. అక్కడ సహజమైన మాట ఇంప్రూవ్.

స్ట్రెంగ్తెన్ పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది. చివరి భాగం 'దెన్' కాదు. నాలుక కొన పళ్ల మధ్య పెట్టి గాలి వదిలే ధ్వని అది, థింక్ మొదట్లో వచ్చేదే. దానికి ముందు ఙ ధ్వని. సాఫెన్, ఫాసెన్ అన్నప్పుడు 'ట' మింగేస్తాం గానీ ఇక్కడ దేన్నీ మింగకూడదు. ముందు 'ఇ' చేర్చి 'ఇస్ట్రెంగ్తెన్' అనడం మన ప్రాంతంలో బాగా వినబడుతుంది, అది మానుకోవాలి.

కోట జంక్షన్ (విజయనగరం)

రూపాయి సంగతి మిగిలిపోయింది. "ద రుపీ స్ట్రెంగ్తెన్డ్ అగెయిన్‌స్ట్ ద డాలర్": ఇక్కడ అగెయిన్‌స్ట్ తప్పనిసరి. డాలరు 85 నుంచి 84కి వస్తే రూపాయి బలపడినట్టు. అంకె తగ్గింది కదా అని వీకెన్డ్ (బలహీనపడింది) రాసేవాళ్లు చాలామంది.

ఏది ఎక్కడ అంటే: గట్టిదనం, నిలదొక్కుకునే శక్తి పెరిగితే స్ట్రెంగ్తెన్. కండరం, గోడ, చట్టం, స్నేహం, కోర్టులో కేసు, అన్నీ దీని కిందకే వస్తాయి. తీవ్రత పెరిగితే ఇంటెన్సిఫై: నొప్పి, ఎండ, పోరాటం, ఒత్తిడి. పేపర్ల 'ముమ్మరం' దాదాపుగా ఇదే, "గాలింపు ముమ్మరం చేశారు" అంటే ఇంటెన్సిఫైడ్ ద సెర్చ్. గాలికి మాత్రం స్ట్రెంగ్తెన్, మాటల్లో అయితే పికప్. టీకి రెండూ పనికిరావు, మేక్ ఇట్ స్ట్రాంగర్ అనాలి.

లోపల ఇనుము పెట్టి కట్టిన కాంక్రీటు రీఇన్‌ఫోర్స్‌డ్, ఆర్‌సీసీలో మొదటి అక్షరం అదే. పాత పిల్లరు చుట్టూ కొత్త ఊచలు కట్టి మళ్లీ పోస్తే ఆ పని స్ట్రెంగ్తెనింగ్. కూలిపోయేలా ఉన్నదానికి ఊతకర్ర పెట్టడం షోర్ అప్. తిండిలో పోషకాలు కలిపితే ఫోర్టిఫై. రేషను బియ్యంలో 100 కిలోలకు ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 ఉన్న గింజలు కలిపి ఇచ్చేవారే, అది ఫోర్టిఫైడ్ రైస్ (ప్లాస్టిక్ బియ్యం అని జనం పారేసింది వాటినే). స్ట్రెంగ్తెన్డ్ రైస్ అనే మాట లేదు.

గార రోడ్డు (శ్రీకాకుళం)

చాలా థాంక్సండీ. మూడు రాశాను, చూడండి. ఒకటి: ద డీప్ డిప్రెషన్ ఇంటెన్సిఫైడ్ ఇంటూ సైక్లోనిక్ స్టార్మ్ గులాబ్ అండ్ క్రాస్డ్ ద కోస్ట్ నియర్ కళింగపట్నం. రెండు: ద విండ్స్ ఆర్ స్ట్రెంగ్తెనింగ్ ఫ్రమ్ ఈవెనింగ్. మూడు: రిలీఫ్ వర్క్స్ వర్ స్ట్రెంగ్తెన్డ్.

కళింగపట్నం గాలి

మొదటిది పూర్తిగా సరే. బయటి దేశాల వార్తల్లో 'మేడ్ ల్యాండ్‌ఫాల్' అంటారు, మన బులెటిన్లలో 'క్రాస్డ్' ఎక్కువ.

రెండోదాంట్లో క్రియ సరిగానే ఉంది, కాలం తప్పింది. సాయంత్రం నుంచి ఇప్పటిదాకా అంటున్నారు కాబట్టి "హ్యావ్ బీన్ స్ట్రెంగ్తెనింగ్ సిన్స్ ఈవెనింగ్". మూడోది 'ముమ్మరం' కిందకి వస్తుంది: "రిలీఫ్ వర్క్ వాజ్ స్టెప్‌డ్ అప్", లేదా ఇంటెన్సిఫైడ్. వర్క్‌కి అక్కడ 'స్' పెట్టకూడదు. ఈ 'వాజ్' సరైనదే, ఎందుకంటే పనులు ముమ్మరం చేసేది అధికారులు.

తీరం దాటాక వచ్చే వాక్యం కూడా సాధన చెయ్యండి: "వీకెన్డ్ ఇంటూ ఎ డీప్ డిప్రెషన్". బలహీనపడింది అన్నదానికీ 'వాజ్' అక్కర్లేదు. పలికేటప్పుడు 'కెన్' తేలిగ్గా వదిలేయండి, ఎ మీద ఒత్తితే వీకెండ్, అంటే శని, ఆదివారాలైపోతాయి.