కరిబ్డిస్ నిజంగా ఉండేదా? మెస్సీనా వైపు వెళ్లినవాళ్లు చెప్పండి

గోదారమ్మాయి:
మా పాపకి ఒడిస్సీ (హోమర్ గ్రీకు కావ్యం) కథ చెప్తున్నాను. అందులో ఓడలవాళ్లని పట్టుకునే సముద్రపు రాక్షసులు రెండు, స్కిల్లా, కరిబ్డిస్. స్కిల్లాకి ఆరు తలలు, పన్నెండు కాళ్లు, ఒక్కో నోట్లో మూడు వరసల పళ్లు అంటే కళ్లు పెద్దవి చేసుకుని వింది. కరిబ్డిస్ దగ్గరే చిక్కొచ్చింది. రోజుకి మూడుసార్లు సముద్రాన్ని మింగి కక్కుతుందంటాడు హోమర్, ఆకారం మాత్రం చెప్పడు. "మరి బొమ్మెలా వెయ్యాలి?" అంటోంది. ఇటలీకీ సిసిలీకీ మధ్య మెస్సీనా జలసంధిలో ఉండేవంటారు కదా, అక్కడ సుడిగుండం లాంటిదేమైనా ఉందా?

విశాఖ సరంగు:
కార్గో షిప్పులో సెకండ్ ఆఫీసర్‌గా ఆ దారిన వెళ్లాను. సుడులున్నాయండీ. కాకపోతే ఒక్కటి కాదు, ఒకచోట నిలిచేవీ కావు. ఇప్పటి షిప్పుని మింగేంత సీను లేదు.

మధ్యధరాలో ఆటుపోట్లు పేరుకే. అక్కడ నీళ్లు లేచేది జానెడు. అయితే ఉత్తరాన టిర్రేనియన్ సముద్రంలో పోటు వేళకి దక్షిణాన అయోనియన్‌లో పాటు. మధ్యలో దారి ఇరుకైన చోట 3 కిలోమీటర్లే. పైగా అడుగున గట్టులా మెరక, దాని మీద లోతు దాదాపు 80 మీటర్లే. అది దాటి దక్షిణానికి పోతే వెయ్యి మీటర్లు మించిన లోయ. ఆ జానెడు తేడాకే నీళ్లన్నీ గట్టు మీదుగా పరిగెత్తాలి. దాదాపు ఆరు గంటలకోసారి దిక్కు మారుతుంది. ఉత్తరానికి పోయేదాన్ని అక్కడివాళ్లు మోంటాంటే అంటారు, దక్షిణానికి పోయేదాన్ని షెండెంటే. అయోనియన్ నీరు చల్లన, ఉప్పెక్కువ, బరువు. రెండు నీళ్లూ ఒరుసుకునే చోట సుడులు లేస్తాయి. అంటే మింగడం, కక్కడం రోజుకి రెండేసి సార్లే. హోమర్ చెప్పిన మూడు లెక్క గురించి ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో కాలంలోనే వాదించుకున్నారు.

షిప్పు బ్రిడ్జి (షిప్పుని నడిపే గది) మీంచి చూస్తే నూనె పోసినట్టు నున్నగా ఒక పట్టీ, పక్కనే కుతకుతలాడుతూ ఇంకోటి. షిప్పు ముక్కు కాస్త పక్కకి లాగింది. దారి చూపడానికి మాతో ఉన్న ఇటలీ పైలట్ కాఫీ కప్పు కూడా కింద పెట్టలేదు. నా టెన్షనంతా అడ్డంగా తిరిగే ఫెర్రీలతోనే. రైలు పెట్టెల్ని సైతం ఎక్కించుకుని మెస్సీనాకీ అవతలి ఒడ్డుకీ తిరుగుతూనే ఉంటాయి. వేసవైతే కత్తిచేపల పడవలు కూడా, కరెంటు టవరంత స్తంభం మీద మనిషి నిలబడి చేప కోసం చూస్తుంటాడు.

పాప బొమ్మకి ఒక ఉపాయం. ఆ ప్రవాహం అడుగునుండే చేపల్ని పైకి తోసి ఒడ్డున పడేస్తుంది. వైపర్ ఫిష్ ఫొటో చూపించండి. కోరలు నోట్లో పట్టవు, ఒంటినిండా వెలిగే చుక్కలు.

కాకినాడ పీతలు:
స్కిల్లా కావాలంటే మా మార్కెట్‌కి రండి, కిలోల లెక్కన ఇస్తారు! మడ అడవుల్లో పెరిగే మండపీత శాస్త్రీయనామం స్కిల్లా సెర్రాటా. కరిబ్డిస్ కూడా పీతే. పెంకు మీద శిలువ గుర్తుండే సముద్రపు పీత కరిబ్డిస్ ఫెరియాటా. ఈ రెండు ప్రజాతుల పేర్లూ 1833లో డి హాన్ అనే జంతుశాస్త్రవేత్త పెట్టినవే. మండపీత డెక్కల మధ్య వేలు పెట్టినవాడికి ఆ పేరెందుకో వేరే చెప్పక్కర్లేదు.

గోదారమ్మాయి:
సరంగు గారూ, ఆ చేపని చూసి పాప కాగితం తెచ్చుకుంది. సుడులు ఒడ్డు నుంచి కనిపిస్తాయా?

విశాఖ సరంగు:
కనిపిస్తాయమ్మా. సిసిలీ కొసన టోర్రె ఫారో అని ఊరుంది, లైట్‌హౌస్ దగ్గర ఒడ్డున నిలబడితే చాలు. అమావాస్యకో పౌర్ణమికో వెళ్లండి, ప్రవాహం జోరుగా ఉంటుంది. ఈత మాత్రం వద్దు.