సమస్య: దారపుండ యొకటి దనుజుఁ జంపె

నిర్వాహకుడు:
ఈసారి సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి. షరతు ఒకటే, కథ క్రీటు దీవి దాటి మరీ దూరం పోకూడదు. మన గుంపులో ఇద్దరు ముగ్గురు టీనేజ్ పిల్లల కోసం గ్రీకు పురాణాల మీద నవలలు రాస్తున్నారు కాబట్టి వాళ్లకీ పనికొస్తుందని ఇది ఎంచుకున్నాను. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: క్రీటు రాజు మినోస్‌కి ఏథెన్స్ కప్పంగా ఏడుగురు అబ్బాయిల్నీ ఏడుగురు అమ్మాయిల్నీ పంపాలి, వాళ్లను లాబిరింత్ అనే చిక్కుదారుల కట్టడంలోకి తోస్తారు, లోపల ఎద్దు తల మనిషి మినోటార్ ఉంటాడు. ఏథెన్స్ రాకుమారుడు థీసియస్ ఆ గుంపులో ఒకడిగా వస్తాడు. మినోస్ కూతురు అరియాడ్ని అతనికి దారపుండ ఇస్తుంది, అతను మినోటార్‌ని చంపి బయటపడతాడు. దారం ఎక్కడైనా దారి చూపిస్తుంది గాని చంపదు కదా, సమస్య అంతా అక్కడే ఉంది.

గోదారిగట్టు:
గోడ వెంట గోడ కొలువైన చీఁకటి
దారి తెలియలేక తల్లడిల్లె;
అపుడు థీసియసున కరియాడ్ని యిచ్చిన
దారపుండ యొకటి దనుజుఁ జంపె.

నిర్వాహకుడు:
గోదారిగట్టు గారూ, నడక హాయిగా ఉంది, గణాలూ యతులూ సరిపోయాయి. "గోడ వెంట గోడ" దగ్గర కాసేపు ఆగిపోయాను, 1900 నుంచి పురావస్తు పరిశోధకుడు ఆర్థర్ ఎవాన్స్ క్రీటులో తవ్వించిన నోసోస్ రాజభవనం ప్లాను చూసినవాళ్లకి అది కళ్ల ముందు కనిపిస్తుంది, వెయ్యికి పైగా గదులు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. అయితే సమస్య తీరలేదండీ. మొదటి మూడు పాదాలూ దారి గురించే మాట్లాడాయి, నాలుగో పాదంలో ఉన్నట్టుండి చంపేసింది. పైగా దారం పని లోపలికి తీసుకెళ్లడం కాదు, గుమ్మానికి కట్టి వదులుకుంటూ పోతే తిరిగి బయటికి తేవడం. మధ్యలో చావుకి కారణం ఒక్క మాటైనా పడాలి.

వేపచెట్టునీడ:
కత్తి లాగికొనిరి కావలివారలు
పడుచు చేతి నూలు విడిచినారు;
ఆయుధంబు గాని యాయుధమైనట్టి
దారపుండ యొకటి దనుజుఁ జంపె.

తెల్లకాగితం:
బాగుందండీ, కానీ రెండో పాదంలో యతి తప్పినట్టుంది? "ప"కి "వి" ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు:
తప్పలేదు, అది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం. పడుచు, విడిచి: రెండింట్లోనూ రెండో అక్షరం డకారం, దాని ముందు లఘువు. ఆటవెలదిలో, తేటగీతిలో చెల్లుతుంది, కందంలో మాత్రం చెల్లదు.
ఇక భావం. నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే దీనికి కథలో గట్టి ఆధారం ఉంది. ఆ పిల్లలు యుద్ధాయుధం ఏదీ లేకుండా ఓడ ఎక్కాలన్నది ఒప్పందమని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెల్లానికస్ చెప్పినట్టు, థీసియస్ జీవితకథ రాసిన ప్లూటార్క్ రాశాడు. ఆడపిల్ల చేతిలో నూలుండ చూసి ఏ కాపలావాడు అనుమానిస్తాడు! అదే ప్లూటార్క్ ఇంకో సంగతి కూడా చెప్తాడు: థీసియస్ ఇద్దరు అమ్మాయిల బదులు లేత ముఖాల అబ్బాయిలిద్దరికి వేడినీళ్ల స్నానాలు చేయించి, ఎండ తగలకుండా ఉంచి, జుట్టూ నడకా మార్పించి, ఆడవేషంలో తీసుకెళ్లాడట. మీ "పడుచు" వాళ్లలో ఒకడైతే? నవల రాస్తున్నవాళ్లు ఈ ముక్క వదులుకోకండి, ఆ ఇద్దరి టెన్షన్ మీదే మూడు అధ్యాయాలు నడుస్తాయి.

మంజీర:
నేను కొంచెం పక్కకి వెళ్లాను, షరతు ఒప్పుకుంటుందో లేదో చూడండి.

శంఖకుహరమందుఁ జని చీమ నూలుతో
దాఁగినట్టి శిల్పి తావుఁ జెప్పె;
మదముతోడ రాజు మరుగు నీటను జావ
దారపుండ యొకటి దనుజుఁ జంపె.

గోదారిగట్టు:
ఇక్కడ చీమ ఎక్కడినుంచి వచ్చింది?

మంజీర:
లాబిరింత్ కట్టిన డెడలస్ సిసిలీకి పారిపోయి కోకలస్ అనే రాజు దగ్గర దాక్కున్నాడు. మినోస్ ఊరూరా ఒక మెలికల శంఖం పట్టుకు తిరిగి, ఇందులోంచి దారం ఎక్కించినవాడికి బహుమానం అన్నాడు. ఆ పని డెడలస్ ఒక్కడికే చేతనవుతుందని అతనికి తెలుసు. డెడలస్ శంఖానికి బెజ్జం పెట్టి, చీమకి పోగు కట్టి వదిలాడు. జాడ దొరికింది, కానీ కోకలస్ కూతుళ్లు మినోస్‌ని వేడినీళ్ల స్నానంలోనే చంపేశారు.

నిర్వాహకుడు:
కథ సిసిలీకి వెళ్లినా చచ్చింది క్రీటు రాజే కాబట్టి ఒప్పుకుంటున్నా. మంజీర గారూ, దారానికీ చావుకీ ఇంత సూటి లంకె ఎవరూ వేయలేదు, ఎక్కించమన్న దారమే రాజు మెడకి చుట్టుకుంది. రెండు పేచీలున్నాయి. చీమ లాగింది పోగు, మీరు చివరికి ఉండ అంటున్నారు, మొదటి పాదంలోనే ఉండ కనిపించాలి. రెండోది మినోస్‌ని దనుజుడనడం. హోమర్ కావ్యం ఒడిస్సీలో అతను చచ్చాక పరలోకంలో తీర్పులు చెప్పే న్యాయమూర్తి, ఏథెన్స్ నాటకశాలల్లో మాత్రం తిట్లు తిన్న రాజు. పద్యం ఏథెన్సు వాడి నోట చెప్పిస్తే రెండో పేచీ పోతుంది.

తెల్లకాగితం:
నా పద్యం అరియాడ్ని మాట్లాడుతున్నట్టు. మినోటార్ పేరు ఆస్టెరియస్ అనీ, అతనూ అరియాడ్ని కూడా మినోస్ భార్య పాసిఫే కడుపున పుట్టినవాళ్లే అనీ తెలిశాక ఇంకోలా రాయలేకపోయాను.

తల్లి కన్నవాఁడు తమ్ముఁడే నా కని
తెలిసి యిచ్చినాను తెగువ తోడ;
నన్ను నేను పేని నలిపి చుట్టినయట్టి
దారపుండ యొకటి దనుజుఁ జంపె.

వేపచెట్టునీడ:
మూడో పాదం చదివాక ఇంకేం రాయాలనిపించడం లేదు. ఈ అమ్మాయినే కదా థీసియస్ నాక్సోస్ దీవిలో నిద్రపోతుండగా వదిలేసి వెళ్లిపోయింది.

మంజీర:
పద్యం గొప్పగా ఉంది, కానీ మొదటి పాదంలో తమ్ముడన్న నోరు చివరి పాదంలో దనుజుడని ఎలా అంటుంది? మూడో పాదం ఇలా మార్చి చూడండి, చివరిది లోకుల మాట అవుతుంది:
నాఁటినుండి జనులు నవ్వుచు ననుచుండ్రి
"దారపుండ యొకటి దనుజుఁ జంపె".

నిర్వాహకుడు:
మంజీర గారి సవరణ శాస్త్రానికి నిలుస్తుంది, సమస్యని ఇంకొకరి మాటగా చెప్పించడం అవధానుల కాలం నుంచీ ఉన్న ఉపాయమే. కానీ ఆ ఉపాయంతో ఏ సమస్యనైనా తీర్చేయొచ్చు, దానికోసం "నన్ను నేను పేని" పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. తమ్ముడని తెలిసీ దనుజుడనుకుంటే తప్ప ఆ ఉండ థీసియస్ చేతికి ఇవ్వలేదు ఆమె, అంటే ఆ రెండు మాటలూ ఒకే నోట రావడమే పద్యానికి బలం. ఇంకో మాట. నోసోస్‌లో దొరికిన ఒక మట్టిపలక మీద లీనియర్ బి అనే ప్రాచీన గ్రీకు లిపిలో కానుకల లెక్క ఉంది, దేవతలందరికీ కలిపి తేనె జాడీ ఒకటి, లాబిరింత్ దేవి ఒక్కతెకీ తేనె జాడీ ఒకటి. ఆ కట్టడం పేరు మొదట ఒక స్త్రీ పేరుతో కలిసి కనిపిస్తోంది, వీరుడితో కాదు. ఈ వారం పూరణల్లో కథని అరియాడ్ని వైపునుంచి పట్టుకున్నది తెల్లకాగితం గారొక్కరే, అందుకే మొదటి స్థానం ఆ పద్యానికే ఇస్తున్నాను, మూలరూపంలోనే. మంజీర గారూ, మీరు ఉండని మొదటి పాదంలోకి తెచ్చి రేపటిలోగా మళ్లీ పెట్టండి, రెండో స్థానం దానికోసం ఖాళీగా ఉంచుతున్నా.