మూడు కార్డుల బాకీ రూ.2,75,000: బంగారం తాకట్టు పెట్టి తీర్చాలా, సెటిల్‌మెంట్‌కు ఒప్పుకోవాలా?

మియాపూర్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. చేతికి వచ్చే జీతం నెలకు రూ.48,000, ఇంటి అద్దె రూ.13,000. రెండేళ్ల కిందట నాన్నగారికి మోకాలి ఆపరేషన్ జరిగినప్పుడు బీమా పోను మిగిలిన బిల్లును క్రెడిట్ కార్డుతో కట్టాను. ఆ తరువాత ఒక కార్డు బాకీ కట్టడానికి ఇంకొక కార్డు వాడుతూ వచ్చి, ఇప్పుడు మూడింటి మీద కలిపి రూ.2,75,000 బాకీ పడ్డాను. మొదటి దానిపై రూ.1,40,000 (నెలకు 3.6 శాతం వడ్డీ), రెండో దానిపై రూ.80,000 (3.75 శాతం), మూడో దానిపై రూ.55,000 (3.5 శాతం) ఉన్నాయి. మొదటి రెండింటికీ మినిమమ్ డ్యూ (నెలనెలా తప్పక కట్టవలసిన కనీస మొత్తం) కింద నెలకు రూ.11,000 కడుతున్నాను. మూడో దానికి నాలుగు నెలలుగా ఏమీ కట్టలేదు. సెటిల్‌మెంట్ కింద రూ.30,000 ఒకేసారి కడితే ఆ ఖాతా మూసేస్తామని రికవరీ ఏజెంటు చెబుతున్నాడు. నిన్న రాత్రి తొమ్మిది గంటలకు మా మామగారికి కూడా ఫోన్ చేశాడు. 30 శాతానికి మించి వడ్డీ వేయకూడదని కోర్టు తీర్పు ఉందని ఆఫీసులో ఒకరు అన్నారు. నా భార్యకు మూడున్నర తులాల చంద్రహారం ఉంది, కానీ మొదటి కార్డు సంగతి తప్ప మిగిలిన రెండింటి సంగతి ఆమెకు తెలియదు. ఏ దారి మంచిదో దయచేసి చెప్పగలరు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి:

బాబూ, ముందుగా ఆ తీర్పు సంగతి చెబుతాను. 30 శాతం పరిమితి పెడుతూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది. కాబట్టి దాన్ని నమ్ముకుని కట్టడం ఆపకండి.

ఇక మీరు కడుతున్న రూ.11,000 ఎటు పోతున్నదో చూడండి. మొదటి కార్డు మీద నెల వడ్డీ రూ.5,040, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.5,947 అవుతుంది. రెండో దాని మీద వడ్డీ రూ.3,000, పన్నుతో రూ.3,540. అంటే రూ.9,487 వడ్డీకి, పన్నుకే పోయి, అసలు బాకీలో తగ్గుతున్నది రూ.1,513 మాత్రమే. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. పాత బాకీ పూర్తిగా కట్టనంత కాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ రోజే మూడు కార్డుల వాడకం ఆపండి, యాప్‌లలో దాచిన కార్డు వివరాలను కూడా తొలగించండి. కార్డు నుంచి నగదు తీసి ఇంకొక కార్డుకు కట్టడమైతే ససేమిరా వద్దు, అందులో తీసిన రోజు నుంచే వడ్డీ, పైన రుసుము.

బ్యాంకులో బంగారం మీద ఏడాదికి 10 శాతం చొప్పున రూ.2,00,000 దొరికిందనుకుందాం. నెల వడ్డీ సుమారు రూ.1,667. ఆ డబ్బుతో మూడో కార్డును, రెండో కార్డును పూర్తిగా తీర్చి, మిగిలిన రూ.65,000 మొదటి దానికి కడితే అక్కడ రూ.75,000 మిగులుతుంది. ఇప్పుడు కడుతున్న రూ.11,000నే అలాగే కడుతూ, అందులోనుంచే బంగారం వడ్డీ కట్టినా, పదకొండో నెలకు మూడు కార్డులూ తీరిపోతాయి. ఆపైన ఆ రూ.11,000 మొత్తం తాకట్టు విడిపించడానికి మళ్లించవచ్చు. ఉద్యోగం మీద భరోసా ఉంటేనే ఈ పని చేయండి. వాయిదా తప్పితే పోయేది ఇంటి బంగారం.

ఎల్.బి. నగర్ గృహిణి:

అన్నయ్యగారూ, సెటిల్‌మెంట్ సంగతి మేము అనుభవించాము కాబట్టి రాస్తున్నాను. కొన్నేళ్ల కిందట మావారు సగానికి సగం కట్టి ఒక కార్డు వదిలించుకున్నారు. ఆ రోజు ఎంతో తేలిక అనిపించింది. తరువాత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు, క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా 'క్లోజ్డ్' (మొత్తం కట్టి మూసినది) అని కాకుండా 'సెటిల్డ్' (తక్కువ కట్టి మూసినది) అని ఉన్నదని మేనేజరు తెర మీద వేలు పెట్టి చూపించారు. ఆ రుణం మాకు రాలేదు. మీకు వేరే దారి ఉంది కాబట్టి మొత్తం కట్టి, బకాయి లేదన్న లేఖ తప్పకుండా తీసుకోండి.

బంగారం అడిగే ముందు వదినగారికి మూడు స్టేట్‌మెంట్లూ చూపించండి. నా గొలుసు తాకట్టు పెట్టిన రోజు బ్యాంకులో అప్రైజరు గీటురాయి మీద గీసి, రాళ్ల బరువు తీసేసి తూకం చెబుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. అన్నీ తెలిసి ఇచ్చాను కాబట్టే ఆ రోజు నాకు కష్టమనిపించలేదు. కానీ ఆయన దాచిన ఇంకొక కార్డు ఆరు నెలల తరువాత బయటపడినప్పుడు పడిన బాధ మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

కూకట్‌పల్లి నుంచి ఇంకొకరు:

రికవరీ ఫోన్ల గురించి ఒక్క మాట. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బాకీ వసూలు కోసం ఫోన్ చేయకూడదు. కుటుంబ సభ్యులను, బంధువులను వేధించడం కూడా నిషిద్ధమే. మామగారి ఫోన్‌లో ఆ కాల్ నమోదైన తెరను ఫోటో తీసి, తేదీ, సమయం రాసి బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పంపండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, లేదా వచ్చినది సంతృప్తికరంగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఫిర్యాదు చేసినంత మాత్రాన వడ్డీ ఆగదు.

మియాపూర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక మూడు స్టేట్‌మెంట్లూ నా భార్య ముందు పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత రెండో కార్డు కాగితం తీసుకుని, నెలకు రూ.540 పన్ను దేనికని అడిగింది. వడ్డీ మీద పన్ను అని చెబితే, అంతకుముందు నెలలవి కూడా తీసి తనే కూడింది. శనివారం ఇద్దరం కలిసి బ్యాంకుకు వెళుతున్నాము. పెద్దాయన గారూ, మూడో కార్డుకు కట్టే ముందు ఆలస్య రుసుములు తగ్గించమని అడిగితే బ్యాంకు ఒప్పుకుంటుందా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్కాజిగిరి:

అడగండి, కానీ ఏజెంటును కాదు, నేరుగా బ్యాంకునే అడగండి. బాకీ మొత్తం ఒకేసారి కడతానని, ఆలస్య రుసుములు మాఫీ చేయమని ఈమెయిల్‌లో రాయండి. తగ్గించినా, ఖాతాను 'సెటిల్డ్' అని కాక 'క్లోజ్డ్' అని నమోదు చేస్తామని రాతపూర్వకంగా ఇచ్చాకే డబ్బు పంపండి. ఏజెంటు చేతికి నగదు ఇవ్వవద్దు.